కంపెనీ గోడకు డబుల్ డ్యూటీ

సింగరేణి రక్షణ పక్షోత్సవాలు వచ్చాయంటే చాలు, గోదావరిఖనిలో గోడలకు గొంతు వస్తుంది. బొగ్గు బాయి గేటు మీద బ్యానరు. క్యాంటీన్ గోడ మీద నినాదం. మస్టర్ రూములో పోస్టరు. రక్షణతో కూడిన ఉత్పత్తి! ఇంటి దగ్గర మీవాళ్లు ఎదురుచూస్తున్నారు, మరవకండి! ఆ తర్వాత ప్రతిజ్ఞ, శాలువా, జ్ఞాపిక, గ్రూప్ ఫొటో. ఇంటి దగ్గర మావాళ్లు ఎదురుచూస్తున్న మాట నిజమే సారూ. ఏ కప్పు కింద కూర్చుని ఎదురుచూస్తున్నారో మాత్రం ఏ పోస్టరూ చెప్పదు.

కప్పు సంగతి తర్వాత. ముందు గోడ సంగతి చూద్దాం.

1997 ఆగస్టు 29న గనుల భద్రత డైరెక్టరేట్ జనరల్, మనం డీజీఎంఎస్ అని పిలుచుకునే పెద్దాఫీసు, ఒక సాంకేతిక సర్క్యులర్ పంపింది. ఆ ఏడాది 7వ నంబరుది. గనిలో బ్లాస్టింగ్ జరిగితే చుట్టుపక్కల ఇళ్ల కింద నేల ఎంత వేగంతో అదరవచ్చో అందులో ఒక పట్టిక వేశారు. నిదానంగా ఊగే అదురు ఇళ్లకు ఎక్కువ చేటు. అంటే సెకనుకు ఎనిమిది ఊపుల లోపుది. కాబట్టి దానికి గట్టి పరిమితి పెట్టారు. మామూలు ఇల్లయితే సెకనుకు 5 మిల్లీమీటర్లు దాటకూడదు. బాగుంది. మరి అదే ఇల్లు గని యజమానిదైతే? 10 మిల్లీమీటర్ల దాకా ఫర్వాలేదు.

మళ్లీ చదవండి. ఇటుక అదే. సిమెంటు అదే. ఇసుక అదే గోదావరిది. ఓనరు పేరు మారగానే గోడకు రెట్టింపు ఓపిక వచ్చేసింది! కొంచెం వేగంగా ఊగే అదురుకైతే బయటివాడి ఇంటికి 10, కంపెనీ ఇంటికి 15. ఇంకా వేగమైతే 15కు 25. ఇంజినీరింగ్ కాలేజీల్లో నాలుగేళ్లు గోడల బలం గురించి చెబుతారే, ఆ పాఠంలో ఎక్కడా ఓనరు పేరు అనే లెక్క లేదు. పాపం, వాళ్లకు తెలియదు. కార్మికుడు డబుల్ డ్యూటీ చేస్తే ఓవర్‌టైం ఇస్తారు. ఆయన క్వార్టర్ గోడ రోజూ డబుల్ డ్యూటీ చేస్తోంది. దానికేమిస్తారు? సున్నం.

ఆ లెక్క వెనక తర్కం లేదని కాదు. తన గోడ పగిలితే కంపెనీయే బాగుచేసుకుంటుంది, పరాయివాడి గోడ పగలగొడితే పరిహారం కట్టాలి. పైగా సర్క్యులర్ ఆ భవనాలను పరిమిత ఆయుష్షు ఉన్నవంటోంది. గని ఉన్నన్నాళ్లే ఉంటాయని భావం. సరే, గోడ కంపెనీది. గోడ వారన మంచం ఎవరిది? మంచం మీద పసిపిల్ల ఎవరిది? పట్టికలో మంచానికి వరుస లేదు.

ఇక ఆయుష్షు సంగతి. తండ్రి ఆ క్వార్టర్‌లోనే రిటైరయ్యాడు. కొడుకు వారసత్వ ఉద్యోగం తెచ్చుకుని అందులోనే కాపురం పెట్టాడు. మనవడు అందులోనే పదో తరగతి చదువుతున్నాడు. బాయి మూతపడింది, క్వార్టర్ మిగిలింది. పరిమితమైనది ఎవరి ఆయుష్షు?

ఒకప్పుడు ఈ గొడవ ఇంతగా లేదు. బొగ్గు భూగర్భంలో ఉండేది, తవ్వేవాళ్లు దాని దగ్గరికి దిగేవాళ్లు. ఇప్పుడు భూమినే పైనుంచి తెరుస్తున్నారు. 5 ఇంక్లైన్ బాయిగా జనం ఎరిగిన చోట ఓసీపీ-5 అనే ఓపెన్‌కాస్ట్ గని వచ్చింది. ఊరు బొగ్గు దగ్గరికి పోలేదు, ఓపెన్‌కాస్టే ఊరి గడప దాకా నడిచొచ్చింది. అద్దాలు గలగలమన్నాయని, గోడలు బీటలిచ్చాయని కాలనీలవాళ్లు మొత్తుకుంటుంటే, అన్నీ పరిమితుల్లోనే ఉన్నాయని జవాబు. ఉంటాయి మరి! పరిమితి ఎంతుందో చూశారుగా.

2024 డిసెంబరు 4న పొద్దున ఏడున్నర వేళ ములుగు దగ్గర నిజం భూకంపం వచ్చింది. 5.3 తీవ్రత. రాష్ట్రంలో సగం మంది ఇళ్లలోంచి బయటికి ఉరికారు. ఖనిలో ఎవరైనా మంచం మీద అటు ఒత్తిగిలి 'ఇయ్యాల బ్లాస్టింగ్ జల్ది కొట్టిండ్రేంది' అనుకుని ఉంటే తప్పు వాళ్లదా?

బ్లాస్టింగ్‌కు ప్రమాద పరిధి 500 మీటర్లు. అది 2017 బొగ్గు గనుల నిబంధనల మాట. ఆ పరిధిలో ఉన్నవాళ్లు దూరంగా పోవాలి, లేకపోతే సరైన షెల్టర్‌లోకి వెళ్లాలి. మందు పేల్చే షాట్ ఫైరర్‌కు ఇనుప షెల్టర్ ఉంటుంది. ఉండాల్సిందే. 2020 జూన్ 2న రామగుండం ఓసీపీ-1లో పేలుడుకు నలుగురు కాంట్రాక్టు కార్మికులు చనిపోయారు, ఆ పని ఎలాంటిదో వేరే చెప్పక్కర్లేదు. కానీ 501వ మీటరులో ఉన్నవాడి మాటేమిటి? వాడికి ఏ షెల్టరూ లేదు. నెత్తి మీద సిమెంటు రేకు ఉంది. రాయి ఎగిరొస్తే గీత దగ్గర ఆగి ఐడీ కార్డు చూపిస్తుందా?

ఆ రేకు కథ కూడా వినండి. సిమెంటు రేకుల్లో చాలావాటికి పట్టునిచ్చేది ఆస్బెస్టాస్ నార. ఆస్బెస్టాస్‌లో ఏ రకమైనా క్యాన్సర్ తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎన్నడో తేల్చింది. దాన్ని తవ్వడానికి 1986లో కొత్త లీజులు ఆపిన దేశం మనది. శభాష్! తవ్వడం ఆపాం, ఓడల్లో తెప్పించుకుని నెత్తిన కప్పుకోవడం ఆపలేదు. చెక్కుచెదరని రేకుతో ముప్పు తక్కువట. కోసినప్పుడు, బెజ్జం వేసినప్పుడు, పగిలినప్పుడు దుమ్ము లేస్తుందట. రోజూ నేల అదిరే ఊళ్లో, కోతులు గుంపులుగా దూకే ఇళ్ల మీద, రేకు చెక్కుచెదరకుండా ఉండాలి. కోతులకు కూడా ఒక సర్క్యులర్ పంపండి సారూ.

ఎండాకాలం ఆ రేకు కింద ఒక మధ్యాహ్నం కూర్చున్నవాడికి ఇంకే నరకం గురించీ చెప్పనక్కర్లేదు. ఏటా వేసవి వార్తల్లో రామగుండం పేరు రాని రోజు ఉండదు. 45 డిగ్రీలు ఇక్కడ వింత కాదు. రాష్ట్ర ప్రభుత్వానికి ఆ వేడి తెలిసింది కూడా. 2023 ఏప్రిల్‌లో దేశంలో ఏ రాష్ట్రమూ తేని కూల్ రూఫ్ విధానం తెచ్చింది. తెల్లటి పూత వేసి కప్పు వేడి తగ్గించాలట. 2028కల్లా రాష్ట్రంలో 300 చదరపు కిలోమీటర్ల చల్లటి కప్పులు! అందులో 200 హైదరాబాద్ చుట్టుపక్కలే. సరే, రాజధాని కదా. ఇక ఇళ్ల విషయానికొస్తే, 600 గజాలు దాటిన స్థలాల్లో కట్టేవాళ్లకు అది తప్పనిసరి. అంతకు తక్కువైతే? మీ ఇష్టం.

అంటే ఏసీ ఉన్నవాడి కప్పు చల్లబడటం చట్టం. అరవై గజాల రేకుల ఇంట్లో ఉడికేవాడికి సలహా. ఎంత పెద్ద మనసు!

చట్టం ఇళ్లను ఇలా గజాలతో కొలవడం కొత్తేం కాదు. 2020 నాటి టీఎస్ బీపాస్‌లో 75 గజాల లోపు ఇంటికి అనుమతే అక్కర్లేదు. ఒక్క రూపాయి కట్టి పేరు నమోదు చేసుకుంటే చాలు. దాన్ని పేదవాడికి వరంగా ప్రకటించారు. లంచం తప్పింది కాబట్టి వరమే, కాదనను. కానీ లంచంతో పాటు ఇంజినీరు కూడా తప్పాడు. చిన్న ఇంటికి పునాది ఎంత లోతుండాలి, గోడకు కట్టుదిట్టంగా చుట్టూ బ్యాండు వేయాలా, కింద పాత బాయి దారులున్నాయా, ఇవన్నీ చెప్పే మనిషి ఎవరు? మేస్త్రీ. ఆయన అడిగే ప్రశ్న ఒక్కటే: 'పైన ఇంకో అంతస్తు ఏసుకుంటరా అన్నా?' వేసుకుంటాం. ఎందుకు వేసుకోం? ఈ బెల్టులో ఎన్నో ఇళ్లు కంపెనీ లీజు భూమి మీద లేచినవే. పట్టా ఎప్పుడొస్తుందో, ఎప్పుడు ఖాళీ చేయమంటారో తెలియని నేల మీద ఎవడు లోతైన పునాది తవ్వుతాడు? జీవో 76తో కొందరికి పట్టాలొచ్చాయి. కాగితం గట్టిపడింది. గోడ గట్టిదనం ఎవరు చూశారు?

భవనాల్లో రక్షణ అనగానే మనవాళ్లకు మూడు వస్తువులు గుర్తొస్తాయి. ఎర్ర బకెట్టు, తేదీ దాటిన సిలిండరు, 'అత్యవసర ద్వారం' అనే బోర్డు. ఆ బోర్డు కింద బీరువా. ప్రపంచం మాత్రం వేరే మాట చెబుతోంది. ప్రమాదాన్ని కాగితం మీద గీత గీసే దశలోనే తీసేయాలి. తీసేయలేకపోతే తగ్గించాలి, అడ్డుకట్ట కట్టాలి. అదీ కుదరకపోతే హెచ్చరించాలి. హెల్మెట్, మాస్కు అన్నిటికన్నా చివర. బ్రిటన్ 1994లోనే ఇలాంటి బాధ్యతను డిజైనర్ల మెడకు చుట్టింది. అమెరికాలో వృత్తి ఆరోగ్య పరిశోధన సంస్థ 2007లో దీన్నో జాతీయ కార్యక్రమంగా మొదలుపెట్టింది. మనం ఆ వరుసను తలకిందులు చేశాం. ముందు హెల్మెట్. తర్వాత పోస్టరు. గీత గీసేవాడికి మాత్రం నమస్కారం.

చట్టం లేక కాదండోయ్! మన దగ్గర చట్టాలకు కరువెప్పుడు? భవన నిర్మాణ కార్మికుల కేంద్ర నిబంధనలు 1998లోనే చెప్పాయి. ఆర్కిటెక్టు, ప్రాజెక్టు ఇంజినీరు, డిజైనరు ప్రణాళిక దశలోనే కార్మికుల భద్రత, ఆరోగ్యం చూడాలని. కట్టాక ఆ భవనాన్ని శుభ్రం చేసేవాడి, బాగుచేసేవాడి ప్రమాదాన్ని కూడా ముందే ఆలోచించాలని. చదివితే కళ్లు చెమరుస్తాయి. కానీ ఆ నిబంధనల తల్లి, 1996 చట్టం, తన మొదటి పేజీల్లోనే ఓ మాట అనేసింది. గనుల చట్టం వర్తించే నిర్మాణాలు నా పరిధిలోకి రావు! బొగ్గు బాయి గేటు దగ్గర ఆ కన్నీళ్లు ఆగిపోయాయి. తర్వాత అన్నిటినీ కలిపి 2020లో వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ చేశారు. డిజైనర్ల బాధ్యత అందులో 9వ సెక్షన్. పార్లమెంటు పాస్ చేసిన ఆ కోడ్ అమల్లోకి వచ్చింది 2025 నవంబరు 21న. ఐదేళ్లు. అంత తాపీగా అమల్లోకి వచ్చిన చట్టాన్ని చూసి ఏ డిజైనరు భయపడతాడు?

వాటర్ ట్యాంకు ఎక్కి కడిగే మనిషిని ఎప్పుడైనా చూశారా? పిట్టగోడ లేని డాబా, తుప్పు పట్టిన నిచ్చెన, ఒక చేతిలో చీపురు. ఆ నిచ్చెన గీసినవాడు దాన్ని ఒక్కసారైనా ఎక్కి ఉంటాడా? పోనీ, ఆ పని ఎవరిది? కాంట్రాక్టు కార్మికుడిది. ఆయన పేరు ఆ డ్రాయింగ్‌లో ఎందుకుంటుంది, మస్టర్‌లోనే సరిగా ఉండదు.

ఇక దుమ్ము. ఉతికి ఆరేసిన తెల్ల చొక్కా ఇక్కడ సాయంత్రానికి రంగు మారడానికి అద్దకం పని అక్కర్లేదు. ఒకవైపు ఓసీపీ మట్టి గుట్టలు. మరోవైపు 2,600 మెగావాట్ల ఎన్టీపీసీ, దాని కుందనపల్లి బూడిద చెరువు. గాలి లేచిందంటే ఏ కాలనీకి ఏ రుచి అందుతుందో పిల్లలు కూడా చెబుతారు. గాలి ఎటు నుంచి ఎటు వీస్తుందో కొలిచే వాతావరణ కేంద్రం రామగుండంలోనే ఉంది. ఆ లెక్క చూసి కాలనీ ఎటువైపు కట్టాలో, బూడిద ఎటువైపు పోయాలో, కిటికీ ఎటు పెట్టాలో నిర్ణయించడానికి రాకెట్ సైన్సు కావాలా? అధికారుల బంగ్లాల చుట్టూ చెట్లు మాత్రం ఎంత శాస్త్రీయంగా నాటారో చూడండి. అక్కడ గాలి దిశ, నీడ దిశ, పూల దిశ అన్నీ కుదిరాయి. డిజైన్ రాదని ఎవరన్నారు? బ్రహ్మాండంగా వచ్చు. ఎవరికోసం అన్నదే తేడా.

గని దుమ్ము ఇంటికి రాకూడదనే ఆలోచన కూడా పాతదే. బాయి దగ్గరే స్నానం చేసి, బట్టలు మార్చుకుని ఇంటికి పోవాలని బొగ్గు గనుల స్నానశాలల నిబంధనలు 1959లోనే వచ్చాయి. నీళ్లు, గదులు, బట్టలు తగిలించే చోటు, అన్నీ రాసి ఉన్నాయి. మంచి డిజైన్ అంటే అదీ. ఇంటికి చేరే బొగ్గు దుమ్మును బాయి దగ్గరే ఆపేయడం. మరి మొదటి షిఫ్టు దిగి నల్లటి ముఖంతో బండి మీద ఇంటికి పోతున్నవాళ్లు ఎవరు? వేషం కట్టి వెళుతున్నారా? ఆ బట్టలు ఉతికే ఇల్లాలికి ఏ వైద్య పరీక్షా లేదు. ఆమె గనిలో దిగలేదు కదా! గనే ఆమె నీళ్ల తొట్టిలోకి దిగింది. 2019లో మహిళలకు భూగర్భ గనుల తలుపు తెరిచారు, సంతోషం. ఆ తలుపు పక్కన వాళ్లకు మరుగుదొడ్డి, బట్టలు మార్చుకునే గది గీసి ఉంచారా, లేక ఆ గీత కూడా మరో పక్షోత్సవం దాకా ఆగుతుందా?

ఒక చిత్రం చెబుతాను. బాయి లోపల పైకప్పు మీద ఉన్న శ్రద్ధ బయట పైకప్పు మీద లేదు. లోపల రూఫ్ బోల్టులు వేస్తారు, కప్పు ఎంత కిందికి దిగిందో చూసే పరికరాలు పెడతారు, సపోర్టు ఎలా పెట్టాలో రాసిన ప్లాను ఉంటుంది, మైనింగ్ సర్దారు కర్రతో కొట్టి చప్పుడు వింటాడు. అయినా కూలుతుంది. 2003 అక్టోబరు 16న 8ఏ బాయిలో కప్పు కూలి 10 మంది పోయారు. 2022 మార్చి 7న అడ్రియాల లాంగ్‌వాల్‌లో కూలితే చనిపోయిన ముగ్గురిలో ఏరియా రక్షణాధికారి కూడా ఉన్నారు. రక్షణ చూడటానికి వెళ్లే మనిషినే కప్పు మింగింది. అన్ని కళ్లు పెట్టి కాపలా కాసిన కప్పుకే ఆ తెగింపు ఉంటే, ఎవరూ తలెత్తి చూడని క్వార్టర్ శ్లాబు మీద నమ్మకం ఎలా పెట్టుకోవాలి? శ్లాబు పెచ్చు ఊడితే సివిల్ ఆఫీసులో రిజిస్టరు ఉంది. రాయండి. సంతకం పెట్టండి. మళ్లీ రండి. వానాకాలంలో వస్తే ఎండాకాలం చేస్తారు, ఎండాకాలంలో వస్తే బడ్జెట్ లేదంటారు.

ఇది ఒక్క బొగ్గు బెల్టు జబ్బు కాదు. 2025 మే 18న హైదరాబాద్ గుల్జార్ హౌజ్‌లో 17 మంది పొగలో ఊపిరాడక పోయారు. లోపలికి రెండు మీటర్ల సొరంగం లాంటి దారి, పైకి మీటరు వెడల్పు మెట్లు. వాళ్లను చంపింది మంట ఒక్కటేనా? ఆ నెలన్నరకే పాశమైలారంలో ఓ మందుల ఫ్యాక్టరీలో పేలుడు. మూడంతస్తుల భవనం కుప్పకూలింది, 50 మందికి పైగా పోయారు. పేలే అవకాశం ఉన్న యూనిట్ ఎక్కడుండాలి, మనుషులు కూర్చునే గది ఎంత దూరంలో ఉండాలి అనేది పేలాక ఆలోచించే విషయమా? ప్రతిసారీ అదే తంతు. ఎక్స్‌గ్రేషియా, కమిటీ, నివేదిక, బీరువా. కావాలంటే మీరే ఖనిలో లక్ష్మీనగర్ వైపు వెళ్లినప్పుడు ఏ కాంప్లెక్సులోనైనా మెట్ల వెడల్పు కొలిచి చూడండి. టేపు అక్కర్లేదు, ఇద్దరు ఎదురుపడితే చాలు.

డబ్బులు లేవంటారా? 2023-24లో సింగరేణి లాభం 4,701 కోట్లు. దసరాకు ముందు ఘనంగా ప్రకటించారు. అందులో విస్తరణకు 2,289 కోట్లు పక్కన పెట్టి, మిగిలినదాంట్లో 33 శాతం కార్మికులకు వాటా ఇచ్చారు. కాంట్రాక్టు కార్మికులకు తలా 5,000. మెచ్చుకోవాల్సిందే, అంతకు ముందు అదీ లేదు. ఐదు వేలకు ఎన్ని రేకులొస్తాయో దుకాణంలో అడిగి చూశారా? ఆ కార్మికుడి ఇంటి నేల కింది నుంచి వచ్చిన బొగ్గుకు అదే లెక్క.

ఇక కార్మికుల సొంతింటి పథకం హామీ. గుర్తింపు సంఘం ఎన్నిక వచ్చినా అదే, అసెంబ్లీ ఎన్నిక వచ్చినా అదే. ఒకాయన స్థలం అంటాడు. ఇంకొకాయన వడ్డీ లేని రుణం అంటాడు. మూడో ఆయన రెండూ అంటాడు, మైకు బంద్ అయ్యేలోపు డూప్లెక్స్ కూడా అనేస్తాడు. ఇన్నేళ్లలో ఒక్కడంటే ఒక్కడు ఆ ఇల్లు ఓసీపీకి ఎంత దూరంలో ఉంటుంది, కప్పు దేనితో వేస్తారు, గాలి ఎటు నుంచి వస్తుంది అని చెప్పాడా? మనమైనా అడిగామా? జెండాలు పట్టుకుని చప్పట్లు కొట్టి, బిర్యానీ ప్యాకెట్ తీసుకుని వచ్చేశాం. అందులో లెగ్ పీస్ లేదని మాత్రం లొల్లి చేశాం.

పెద్దగా ఏమీ అడగడం లేదు సారూ. కాలనీలు లేపి కొత్త ఊరు కట్టమని అనడం లేదు, అది మీ వల్ల కాదని తెలుసు. బ్లాస్టింగ్ జరిగినప్పుడు నేల అదురు కొలిచే యంత్రాలు మీ దగ్గరున్నాయి. కొలుస్తున్నామని మీరే అంటున్నారు. ఆ అంకెను ఆ రోజు సాయంత్రమే ప్రతి కాలనీ చౌరస్తాలో ఒక బోర్డు మీద రాయండి. పక్కనే రెండు పరిమితులూ రాయండి. పరాయి ఇంటికి 5, మీ క్వార్టర్‌కు 10. రాయడానికి సుద్దముక్క కూడా కాలనీ బడిపిల్లలు ఇస్తారు. అది కూడా కుదరదంటే, రీడింగుల పుస్తకం ఏ బీరువాలో ఉందో, తాళం చెవి ఏ సారు జేబులో ఉందో చెప్పండి. మేమే వచ్చి చూసుకుంటాం. లైన్లో నిలబడమన్నా నిలబడతాం, సివిల్ ఆఫీసు ముందు అలవాటైన కాళ్లే ఇవి.